అమ్మ కుడిచెయ్యి

"శరీర పునరుత్థానమును, నిత్యజీవమును నమ్ముచున్నాను." ఈ మాట చిన్నప్పటి నుంచి ప్రతి ఆదివారం చర్చిలో అందరితో కలిసి అంటూనే ఉన్నాను. మేం నమ్మేదేమిటో చెప్పుకునే విశ్వాస ప్రమాణంలో ఇది ఆఖర్న వస్తుంది కదా, అప్పటికి అందరికీ ఎప్పుడు కూర్చుందామా అని ఉంటుంది, గొంతులు వేగం అందుకుంటాయి, 'ఆమేన్' పూర్తవకముందే కుర్చీలు కిర్రుమంటాయి. ఆ హడావిడిలో 'శరీర' అనే ముక్క నా చెవిన ఎప్పుడూ పడలేదు. ఎవరైనా అడిగితే, చనిపోయాక ఆత్మ దేవుడి దగ్గరికి వెళ్తుంది, పునరుత్థానం, అంటే చనిపోయినవాళ్లు తిరిగి లేవడం, అదే అని చెప్పేసేదాన్ని. నలభై దాటేదాకా నాకు తెలిసింది అంతే.

తర్వాత అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క మొత్తం పడిపోయింది, మాట పోయింది, పదకొండు నెలలు మంచం మీదే ఉంది. నేను చూసుకున్నాను. అన్నయ్య చూసుకోలేదు. ఈ చివరి వాక్యాన్ని ఇంత పొట్టిగా రాయడానికి నాకు చాలాకాలం పట్టింది, ఒకప్పుడైతే దానికి రెండు పేజీలు కూడా సరిపోయేవి కావు.

పక్షవాతం వచ్చిన చెయ్యి ఎలా ఉంటుందో దగ్గరుండి చూసినవాళ్లకే తెలుస్తుంది. మొదట్లో వడలిన తీగలా వేలాడేది. కొన్ని వారాలకు బిగుసుకోవడం మొదలైంది. మోచెయ్యి మడుచుకుంది, పిడికిలి మూసుకుపోయింది, బొటనవేలు లోపలే ఇరుక్కుంది. మూసిన పిడికిట్లో చెమట ఆరదు. రెండు రోజులు వదిలేస్తే వాసన వస్తుంది, చర్మం నానిపోయి తెల్లబడుతుంది, గోళ్లు అరచేతిలోకి దిగుతాయి. వేళ్లు పట్టి లాగితే ఇంకా బిగుస్తుంది. ఫిజియోథెరపీ చేయడానికి వచ్చే అబ్బాయి ఒక కిటుకు చెప్పాడు. "వేళ్ల జోలికి వెళ్లకండి మేడమ్, ముందు మణికట్టును అరచేతివైపు వంచండి, వేళ్లు వాటంతటవే వదులవుతాయి, అప్పుడు బొటనవేలి మొదలు పట్టుకుని మెల్లగా తెరవండి" అన్నాడు. నిజంగానే వదులయ్యేవి. ఆ కాసేపట్లోనే గోరువెచ్చటి నీళ్లలో తడిపిన గుడ్డతో అరచెయ్యి తుడిచి, వేళ్ల సందుల్లో తడి లేకుండా అద్ది, గోళ్లు కత్తిరించి, మెత్తటి బట్టను చుట్టలా చుట్టి పిడికిట్లో పెట్టాలి. ఒక్క చేతికే పావుగంట. ఇది కాక వీపున పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, అందుకు రాత్రంతా అలారాలు.

ఇదంతా భక్తిగా చేశానని అనుకోకండి. చాలా రోజులు చిరాకుతోనే చేశాను. ఒకరోజు ఎంత వంచినా వేళ్లు వదలకపోతే, "కాస్త వదలవేంటమ్మా, కావాలనే చేస్తున్నావా" అని గట్టిగా అరిచాను. అమ్మ గోడవైపు తిరిగిపోయింది. తిరిగింది అంటే తల మాత్రమే, మిగతాదాన్ని తిప్పాల్సింది నేనే కదా.

పరామర్శకు వచ్చినవాళ్లు ఒకే మాట చెప్పేవాళ్లు. ఈ దేహం ఉత్త గుడారం, ఇవాళ ఉంటుంది రేపు పోతుంది, ఆత్మ బాగుంటే చాలు అని. రెండో కొరింథీ పత్రికలో, అంటే కొరింథు సంఘానికి రాసిన రెండో ఉత్తరంలో, అపొస్తలుడు పౌలు శరీరాన్ని గుడారం అన్నమాట నిజమే. అయితే ఆయన అక్కడితో ఆగలేదు, గుడారం తీసేసి ఉత్తినే నిలబడాలని లేదు, దానిమీద ఇంకొకటి తొడుక్కోవాలని ఉంది అన్నాడు. ఆ రెండో సగం ఎవరూ చెప్పేవాళ్లు కాదు. నాకూ మొదటి సగమే హాయిగా ఉండేది. తర్వాత గమనించాను, ఆ హాయి నా చేతుల్లోకి కూడా దిగింది. ఎలాగూ పోయే పెంకే కదా అని బుద్ధి అనుకున్నాక, గుడ్డ పిండి తుడవడంలో ఒక నిర్లక్ష్యం వస్తుంది. ఒకసారి మూడు రోజులు చెయ్యి తెరవలేదు. నాలుగో రోజు తెరిస్తే చూపుడువేలి గోరు అరచేతిలో గుచ్చుకుని పుండైంది. అమ్మ చెప్పలేదు, ఎలా చెప్తుంది?

మాట పోవడమంటే పూర్తిగా పోలేదు. నీళ్లు కావాలంటే 'నీళ్లు' అనలేకపోయేది, నా పేరు రాదు, 'వద్దు' అనే మాట ఒక్కటే అన్నిటికీ. కానీ రాత్రి నేను ప్రభువు నేర్పిన ప్రార్థన మొదలుపెడితే చాలు, "పరలోకమందున్న మా తండ్రీ" నుంచి చివరిదాకా తడబడకుండా వచ్చేది. మొదటిసారి విన్నప్పుడు అద్భుతం జరిగిందనుకుని డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన చల్లగా చెప్పాడు, ఇది మామూలేనమ్మా, కంఠతా వచ్చిన ప్రార్థనలు, పాటలు, అంకెలు ఇలాంటి పేషెంట్లకు చాలామందికి మిగులుతాయి, మనం ఆలోచించి పేర్చుకునే మాటలే దెబ్బతింటాయి అని. నా అద్భుతం అక్కడే ఆగిపోయింది.

అయినా ఒక రాత్రి, చెయ్యి తుడుస్తూ విశ్వాస ప్రమాణం అందుకున్నాను. మధ్యలో గోరు దగ్గర పని పడి నేను ఆపేశాను, అమ్మ ఆపలేదు. అందులో పొంతి పిలాతు పేరు దాటి, 'మూడవ దినము' అనే మాట దాటి, ఒక్కతే చెప్పుకుంటూ పోయి, "శరీర పునరుత్థానమును" అంది. స్పష్టంగా. అప్పుడు నా చేతిలో ఆవిడ పిడికిలి ఉంది, తడిగుడ్డ ఉంది, ఆ వాసన ఉంది. ఏ శరీరం అని నాకు మొట్టమొదటిసారి అనిపించింది. ఇదేనా?

ఆ రాత్రే మొదటి కొరింథీ 15వ అధ్యాయం తీశాను. 58 వచనాలు. సమాధి కార్యక్రమాల్లో వినీవినీ అరిగిపోయిన అధ్యాయమే, కానీ గొడవేమిటో తెలుసుకుందామని చదవడం అదే మొదలు. క్రీస్తు లేవలేదని కొరింథువాళ్లు అనడం లేదు. ఆయన లేచాడు సరే, చనిపోయిన మనుషులు లేవడమేమిటి అంటున్నారు. వాళ్లను తప్పుపట్టడానికేం లేదు, శరీరం ఆత్మకు ఖైదు అనుకునే ఆలోచన ఆ గ్రీకు ప్రపంచంలో బాగా నాటుకుపోయి ఉంది. ఏథెన్సులో పౌలు ప్రసంగాన్ని అప్పటిదాకా బుద్ధిగా విన్నవాళ్లు, చచ్చినవాళ్లు లేవడమనే మాట రాగానే కొందరు వెక్కిరించారని అపొస్తలుల కార్యములు 17లో ఉంది. ఆత్మ అమరం అని ఉంటే ఎవరూ నవ్వేవారు కాదు. నలభై ఏళ్లు చర్చికి వెళ్లిన నేను ఉన్నది కొరింథువాళ్ల పక్కన. ఆ విశ్వాస ప్రమాణం లాటిన్‌లో ఇంకా మొరటుగా ఉంటుందట, 'కార్నిస్' అని, అంటే ఉత్త మాంసం. మెత్తటి మాట దొరక్క కాదు, కావాలనే ఆ మాట పెట్టారేమో అనిపిస్తుంది నాకు.

పౌలు విత్తనం పోలిక చెప్తాడు. విత్తింది ఒకటి, మొలిచేది ఇంకొక రూపం, కానీ మొలిచేది ఆ విత్తనమే. ఘనహీనంగా విత్తబడి మహిమతో లేస్తుంది, బలహీనంగా విత్తబడి బలంతో లేస్తుంది. ఘనహీనం అనే మాట దగ్గర ఆగిపోయాను. దానికి అర్థం నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు, రోజుకు నాలుగుసార్లు పక్కబట్టలు మారుస్తున్నాను.

ఆ మర్నాటి నుంచి నేను మారిపోయానంటే అబద్ధం. అలారాలు అవే, చిరాకు అదే. మారినవి రెండే. ముట్టుకునే ముందు "అమ్మా, చెయ్యి తెరుస్తున్నా" అని చెప్పడం మొదలుపెట్టాను. వచ్చినవాళ్లు మంచం మీదుగా నాతో "ఎలా ఉందిప్పుడు?" అని అడిగితే, "అమ్మనే అడగండి, వింటుంది" అనేదాన్ని. అంతే. దేవుడు పారేయని దాన్ని నేను ముందే పారేసినట్టు ఎందుకు చూడాలి అన్నది లోపల తిరుగుతూ ఉండేది. పెద్ద వేదాంతమేమీ కాదు, గుడ్డ పిండేటప్పుడు వచ్చే ఆలోచన.

అమ్మ శ్రమదినాల్లో పోయింది, ఈస్టరుకు రెండు వారాల ముందు, తెల్లవారుజామున. అలారం మోగితే తిప్పడానికి వెళ్లాను. ఊపిరి లేదు. ఏం చేయాలో తెలియక, అలవాటుకొద్దీ కుడిచెయ్యి అందుకున్నాను. మణికట్టు వంచాల్సిన అవసరం రాలేదు. పదకొండు నెలల తర్వాత పిడికిలి తెరుచుకుని ఉంది, బట్టచుట్ట పక్కమీద పడి ఉంది. ప్రాణం పోగానే మొదట కండరాలన్నీ వదులైపోతాయని, బిగుసుకోవడం తర్వాతేనని నాకు తెలుసు, దీన్ని సూచన అనుకోమని మీకు చెప్పను. కానీ చాలాసేపు ఆ అరచేతిలో నా చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. గోరు గుచ్చుకున్న మచ్చ కనిపిస్తోంది.

"ఏడవకూడదమ్మా, మనకు నిరీక్షణ ఉంది" అని ఆ రోజు నాకు ఎంతమంది చెప్పారో లెక్కలేదు. మంచి మనసుతోనే చెప్పారు. కానీ పౌలు థెస్సలొనీకయులకు రాసిన దాంట్లో ఉన్నది ఏడవొద్దని కాదు, నిరీక్షణ, అంటే ఆశ, లేనివాళ్లలాగా ఏడవొద్దని. రెంటికీ ఎంత తేడా! చనిపోయిన తన స్నేహితుడు లాజరును ఇంకాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా సమాధి దారిలో "యేసు కన్నీళ్లు విడిచెను". లేపడం తెలిసినవాడే ఏడ్చినప్పుడు నన్ను ఆపడానికి వీళ్లెవరు అని లోపల కోపం కూడా వచ్చింది, పైకి మాత్రం సరే అన్నట్టు తలూపాను.

సమాధి దగ్గరి నుంచి వచ్చాక మా చిన్నాడు అడిగాడు, ఏడేళ్లు వాడికి. "అమ్మా, అమ్మమ్మ లేచినప్పుడు కుడిచెయ్యి పనిచేస్తుందా?"

"చేస్తుంది నాన్నా."

"మరి అదే చెయ్యా, కొత్తదా?"

అదే చెయ్యి కానీ కొత్తగా ఉంటుంది అన్నాను. "మరి యేసయ్యకు గాయాలు అలాగే ఉన్నాయిగా, నమ్మనన్న తోమాకు చూపించాడుగా?" అన్నాడు. సండే స్కూల్లో బాగానే చెప్తున్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. లేచిన శరీరంలో మేకుల గుర్తులు ఎందుకు ఉంచుకున్నాడో, ఏది మిగిలిస్తాడో ఏది తుడిచేస్తాడో నాకేం తెలుసు? నొప్పి పోయి గుర్తు ఉండొచ్చు నాన్నా అన్నాను. వాడు ఒప్పుకున్నాడు, నేనే ఇంకా ఆలోచిస్తున్నాను.

ఈస్టర్ ఆరాధనలో నా నోట పాట రాలేదు. చుట్టూ అంతమంది 'లేచెను' అంటుంటే, నాకు మట్టి వేసిన చప్పుడే వినపడుతోంది. మత్తయి సువార్త చివరి అధ్యాయంలో ఒక చిన్న మాట ఉంది, శిష్యులు ఆయనను చూసి మొక్కారు గాని కొందరు సందేహించారు అని. లేచినవాడు ఎదురుగా నిలబడి ఉండగా! ఆ 'కొందరిని' అక్కడి నుంచి పంపేయలేదు, పని అప్పగించినప్పుడు వాళ్లకూ కలిపే అప్పగించాడు. ఆ ఆదివారం నేను ఆ కొందరిలో నిలబడ్డాను.

ఇంటికొచ్చాక ఒకటి తోచింది. శ్రమదినాలు నలభై రోజులు ఉపవాసాలతో పట్టుదలగా గడుపుతాం, ఈస్టర్ మాత్రం ఒక్క పూటతో ముగిస్తాం. నిజానికి పాత సంఘం లెక్కలో ఈస్టర్ కాలం, పరిశుద్ధాత్మ దిగివచ్చిన పండుగ పెంతెకొస్తు వరకు, 50 రోజులు. క్రీ.శ. 325లో బిషపులు కూడిన నీకయ సభ చేసిన నియమాల్లో ఆఖరిది, 20వది, దీని గురించే. ఆదివారాల్లోను, పెంతెకొస్తు దినాలన్నిటిలోను, అంటే ఈ యాభై రోజులూ, మోకరించకుండా నిలబడి ప్రార్థించాలని. లేచినవాడి రోజులు కాబట్టి లేచి నిలబడండి అని. మాకు ఎవరూ ఇది చెప్పలేదు. నేను చిన్నప్పటి నుంచి మోకాళ్ల మీదే ప్రార్థన చేసినదాన్ని, నిలబడితే ఏదో బస్సు కోసం చూస్తున్నట్టుంటుంది. అయినా సరే, ఈ యాభై రోజులు ఉదయం నిలబడే ప్రార్థించాలి, సువార్తల్లో ఆయన లేచిన తర్వాతి భాగాలు మాత్రమే చదవాలి అని పెట్టుకున్నాను. మొదటి వారం మాటలే రాలేదు. నిలబడ్డాను, అంతే. మాట రాకపోయినా శరీరం నిలబడొచ్చు, అమ్మ నోటికి అర్థం కాకపోయినా ప్రమాణం వచ్చినట్టు.

చదువుతుంటే ఆశ్చర్యమేమిటంటే, ఆ అధ్యాయాల్లో గొప్ప దృశ్యాలకన్నా ఇంటిపనులే ఎక్కువ. యోహాను 20లో, ఆయన తలకు చుట్టిన రుమాలు మిగతా నారబట్టలతో కలిసి లేదు, వేరుగా ఒకచోట చుట్టిపెట్టి ఉంది. ఎందుకు రాశాడో తెలియదు, రకరకాల వివరణలు విన్నాను, ఏదీ నాకు అతకలేదు. నాకు కనిపించింది ఒకటే, మరణాన్ని గెలిచిన ఉదయాన గుడ్డ మడతపెట్టేంత తీరిక ఉంది. నేనైతే అమ్మ పక్కబట్టలు మూలన మూటకట్టి పడేశాను, ముట్టుకోలేక. ఆ రోజు విప్పి ఉతికాను. పిడికిట్లో పెట్టే బట్టచుట్టలు పద్నాలుగు తేలాయి. ఆరాక మడతపెట్టాను. ఏడుస్తూనే.

ఉద్యోగానికి సెలవు పెట్టి గడిపిన ఆ పదకొండు నెలలూ వృథా అయ్యాయని నాలో ఒక లెక్క ఉండేది. ఎంత చేసినా పోయింది కదా అని. మొదటి కొరింథీ 15వ అధ్యాయం మళ్లీ చదివినప్పుడు చివర చూశాను. బూర మోగడం, రెప్పపాటులో మార్పు, "మరణమా, నీ ముల్లెక్కడ?" అంత ఎత్తుకు తీసుకెళ్లి పౌలు ముగించేది మీ ప్రయాసము వ్యర్థము కాదని. అంటే పనికి వెళ్లండి అని. ఆ వెంటనే 16వ అధ్యాయం మొదటి మాట చందా గురించి! బూర నుంచి చందాకు ఒక్క అడుగు. ముందు నవ్వొచ్చింది. కాసేపటికి, తుడిచిన ఆ పావుగంటలు ఎక్కడికీ పోలేదన్నమాట అనుకున్నాను. ఎలా నిలుస్తాయో నాకు తెలియదు, నిలుస్తాయని నమ్ముతున్నాను. ఆఫీసులో ఎవరూ చూడని ఫైలు సరిచేసేటప్పుడు కూడా ఇప్పుడు ఆ మాటే గుర్తొస్తుంది, కొన్నిసార్లు.

ఇక అన్నయ్య. ఆ పదకొండు నెలల్లో మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ గుమ్మం దగ్గరే నిలబడి, అయిదు నిమిషాలు చూసి, ఫోన్ వచ్చినట్టు బయటికి వెళ్లిపోయాడు. సమాధి రోజు మాత్రం ఎవరూ ఏడవనంత ఏడ్చాడు. అది నాకు ఇంకా మండింది.

యోహాను 21, లేచిన యేసు ఒడ్డున శిష్యులకు కనిపించే అధ్యాయం, నాకు కంఠతా వచ్చనుకున్నాను. 153 చేపలు, వల పిగలకపోవడం, అన్నీ తెలుసు. ఈసారి ఒడ్డున ఉన్న నిప్పుల దగ్గర ఆగాను. గ్రీకులో ఆ బొగ్గుల మంట అనే మాట కొత్త నిబంధన మొత్తంలో రెండే చోట్ల ఉందట. ఒకటి ఇక్కడ, రెండోది 18వ అధ్యాయంలో, యేసును పట్టుకున్న రాత్రి ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట శిష్యుడు పేతురు చలి కాచుకుంటూ ఆయనెవరో నాకు తెలియదన్నచోట. అంటే పేతురు ఒడ్డుకు రాగానే ముక్కుకు తగిలింది ఆ రాత్రి పొగే. అయినా లేచినవాడు పంచాయితీతో మొదలుపెట్టలేదు. "రండి భోజనము చేయుడి" అన్నాడు. అడగాల్సింది, నన్ను ప్రేమిస్తున్నావా అన్నది, తర్వాత అడిగాడు, అదీ మూడుసార్లు, పేతురుకు నొప్పి పుట్టేలాగే అడిగాడు. తప్పును లేనట్టు చూడలేదు. కానీ ముందు తిండి పెట్టాడు.

ఇది చదివి వెంటనే ఫోన్ చేశానని రాస్తే బాగుంటుంది. చేయలేదు. పందొమ్మిది రోజులు పట్టింది. ఉదయం నిలబడితే అన్నయ్య పేరు వస్తుంది, పక్కకు నెడతాను, మళ్లీ వస్తుంది. నలభై రెండో రోజు, మనసు మెత్తబడి కాదు, విసుగుతో ఫోన్ తీశాను.

"అన్నయ్యా, ఆదివారం భోజనానికి రా."

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఎన్నింటికి?" అన్నాడు.

వచ్చాడు. అమ్మ గురించి ఇద్దరం ఎత్తలేదు, పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం. తిన్నాక అమ్మ గదిలోకి వెళ్లాడు, ఈసారి గుమ్మం దాటి. అల్మరాలో మడతపెట్టిన బట్టచుట్టలు చూసి ఇవేంటని అడిగాడు. చెప్పాను. మంచం అంచున కూర్చుని, తన చేతుల వైపు చూసుకుంటూ అన్నాడు, "నాకు ఆ చెయ్యి చూస్తే భయమేసేదే. చిన్నప్పుడు నన్ను పట్టుకుని నడిపించిన చెయ్యి అది." నేనేమీ అనలేదు. నీకు భయమేస్తే నాకు వేయదా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఆగింది.

"ఎలా తెరిచేదానివి?" అన్నాడు కాసేపటికి.

పిడికిలి మూయమన్నాను. మూశాడు. పక్కన కూర్చుని, మణికట్టు పట్టుకుని మెల్లగా లోపలికి వంచాను.